ఏథెన్స్ డయోనిసస్ థియేటర్: ఎటు నుంచి మొదలుపెట్టాలి, ఏం చూడాలి, ఎలా అర్థం చేసుకోవాలి

ఏథెన్స్ వెళ్లినవాళ్లలో చాలామంది నేరుగా అక్రోపోలిస్ కొండెక్కి, పార్థినాన్ గుడి ముందు ఫొటో దిగి, పైనుంచి కిందికి చూసి "అదిగో పాత థియేటర్" అని ఇంకో ఫొటో తీసుకుంటారు. ఆ రెండో ఫొటోలో పడేది చాలాసార్లు అసలు థియేటర్ కాదు. ఎత్తైన కమానుల గోడతో, తెల్లటి మెట్లతో నిండుగా కనిపించేది హెరోడిస్ అటికస్ ఓడియన్. రోమన్ల ఏలుబడిలో, క్రీ.శ. 2వ శతాబ్దంలో, ఒక పెద్ద ధనికుడు చనిపోయిన భార్య జ్ఞాపకంగా కట్టించిన సంగీతశాల అది. ప్రాచీన గ్రీకు నాటక కవులు ఈస్కిలస్, సోఫోక్లీస్, యూరిపిడీస్, అరిస్టోఫనీస్‌ల నాటకాలు ఆడింది దానికి తూర్పున, అదే కొండ దక్షిణపు వాలులో ఉన్న డయోనిసస్ థియేటర్‌లో.

ముందే చెప్పేస్తాను, ఇది చూడగానే ఆకట్టుకునే చోటు కాదు. పై మెట్లు చాలావరకు పోయాయి, మధ్యలో గడ్డి, కింద పగిలిన రాళ్లు, కొన్నిచోట్ల కొత్తగా అతికిన ముక్కలు. నాటకాల హాలు అనుకుని వెళితే పది నిమిషాల్లో బోర్ కొడుతుంది. ఒక నగరం తన పెద్దల్ని, డబ్బుని, కోపాల్ని, చనిపోయిన సైనికుల పిల్లల్ని అందరి ముందూ నిలబెట్టిన సభాస్థలం అనుకుని వెళితే మాత్రం రెండు గంటలు చాలవు. అందుకని ఈ గైడ్‌లో దారి ఎంత ముఖ్యమో, ఎక్కడ నిలబడి ఏం అడగాలి అన్నదీ అంతే ముఖ్యం. ముందు వరసలో ఎవరు కూర్చున్నారు? ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? గెలుపోటములు ఎవరు తేల్చారు? నాటకం మొదలయ్యే ముందు అక్కడ ఏం జరిగింది? ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే చాలు.

టికెట్, గేటు, సమయం

ఈ థియేటర్‌కి వేరే టికెట్ లేదు. అక్రోపోలిస్ టికెట్‌లోనే కొండవాలు కూడా కలిసి ఉంటుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ టికెట్ ధర 30 యూరోలు. అంతకుముందు మరికొన్ని పురాతన స్థలాలు కలిపి ఇచ్చిన కాంబో టికెట్ అప్పుడే తీసేశారు, కాబట్టి పాత బ్లాగులు చూసి బడ్జెట్ వేసుకోకండి. టికెట్‌ని టైమ్ స్లాట్‌తో ఇస్తారు, ఒక్కసారి బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వరు. గ్రీకు సాంస్కృతిక శాఖ అధికారిక సైట్‌లోనే ముందుగా కొనుక్కోండి, ధర కూడా ఆ రోజుకి అక్కడే సరిచూసుకోండి.

గేట్లు రెండు. అందరూ పడమటి వైపున్న మెయిన్ గేటు దగ్గర క్యూ కడతారు. మీరు మెట్రో రెండో లైన్‌లో అక్రోపోలి స్టేషన్‌లో దిగి, అక్రోపోలిస్ మ్యూజియం ఎదురుగా ఉన్న ఆగ్నేయపు గేటుకి వెళ్లండి. నడక రెండు మూడు నిమిషాలే. రద్దీ తక్కువగా ఉండటమే కాదు, లోపలికి అడుగుపెట్టగానే ముందుండేది ఈ థియేటరే. పైనుంచి దిగుతూ చూస్తే ఇదొక రాళ్లగుట్ట. కింది నుంచి ఎక్కుతూ చూస్తే, ఆనాడు జనం వచ్చిన వైపు నుంచే మీరూ వస్తారు.

ఎండాకాలంలో గేట్లు ఉదయం 8కి తెరుస్తారు. మొదటి స్లాట్ తీసుకోండి. దక్షిణపు వాలు కాబట్టి పగలంతా ఎండ నేరుగా కొడుతుంది, నీడ లేదు. ఎండలు మరీ ముదిరినప్పుడు మధ్యాహ్నం కొన్ని గంటలు మొత్తం సైటే మూసేసిన సందర్భాలున్నాయి. మన ఎండలకి అలవాటుపడ్డ వాళ్లం కదా అని ధీమా వద్దు. అక్కడ పాలరాయి వెలుగుని తిప్పి కళ్లలోకి కొడుతుంది. టోపీ, నీళ్లు, జారని బూట్లు ఉండాలి. జనం కాళ్లు అరగదీసిన ఆ రాయి చినుకు పడితే సబ్బులా జారుతుంది. పెద్ద బ్యాగులు లోపలికి తేనివ్వరు.

ముందు గుడి, తర్వాతే థియేటర్

గేటు దాటాక అందరూ మెట్ల వైపు పోతారు. మీరు ఆగి, రంగస్థలానికి దక్షిణంగా నేల మట్టంలో ఉన్న పునాదులు చూడండి. రెండు చిన్న గుళ్లవి అవి, ఒకటి క్రీ.పూ. 6వ శతాబ్దపు పాతది, ఇంకొకటి దాని తర్వాతది. రెండూ డయోనిసస్‌వే. ద్రాక్షసారాయికీ పూనకానికీ దేవుడు. థియేటర్ అనేది ఈ గుడి ప్రాంగణంలో భాగం, గుడి పక్కన విడిగా కట్టిన వినోదశాల కాదు.

ఏటా వసంతంలో, మన లెక్కలో మార్చి చివర, ఈ దేవుడి పెద్ద ఉత్సవం జరిగేది. దాన్ని నగర డయోనీసియా అనేవాళ్లు. ఉత్సవ విగ్రహాన్ని ముందుగా ఊరి బయటికి తీసుకెళ్లి, కాగడాల వెలుగులో తిరిగి ఊళ్లోకి తెచ్చేవాళ్లు. తర్వాత ఊరేగింపు, బలులు, ఆపైన రోజుల తరబడి పోటీలు. పాటల బృందాల పోటీకి ఏథెన్స్ పౌరులు పది తెగలుగా దిగేవారు. ఒక్కో తెగ నుంచి 50 మంది పెద్దలు, 50 మంది పిల్లలు. అంటే నాటకాల సంగతి పక్కనపెట్టినా, ఏటా వెయ్యి మంది ఊరివాళ్లు ఆ నేల మీద పాడి ఆడారన్నమాట. ప్రేక్షకుల్లో కూర్చున్నవాడు కిందటేడాది బృందంలో ఉన్నవాడే కావచ్చు. ఈ లెక్క మనసులో పెట్టుకుని మెట్ల వైపు తిరగండి.

ఆర్కెస్ట్రా అంచున నిలబడి

ఆర్కెస్ట్రా అంటే ఇక్కడ వాద్యబృందం కాదు, మెట్ల ముందు బృందాలు పాడి ఆడే నేల. ఇప్పుడు మీకు కనిపించే అర్ధచంద్రాకారపు పాలరాతి నేల రోమన్ కాలానిది. మధ్యలో రంగురాళ్లతో డైమండ్ ఆకారం ఉంటుంది. నేల అంచున నిలబెట్టిన పలకల అడ్డుగోడ కూడా ఆ కాలానిదే. గ్లాడియేటర్ల పోట్లాటలు ఇక్కడ పెట్టినప్పుడు ముందు వరసవాళ్లకి రక్షణగా కట్టారు. ఏథెన్స్ ఇలా దిగజారిందేమిటని క్రీ.శ. 1వ శతాబ్దపు వక్త డియో క్రిసోస్తమ్ గట్టిగా తిట్టాడు. పూజారులు కూర్చునే చోటి పక్కనే మనుషులు నరుక్కుంటున్నారని ఆయన బాధ.

అందుకని ఈ చోటుని పొరలుగా చూడటం నేర్చుకోవాలి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో, అంటే గొప్ప నాటకాలన్నీ రాసిన కాలంలో, ఇక్కడ రాతి మెట్లే లేవు. కొండవాలు మీద చెక్క బెంచీలు, కింద మట్టి నేల, వెనక చెక్కతో కట్టిన చిన్న గది. ప్రేక్షకులు ఏడు వేల లోపే ఉండొచ్చని ఇటీవలి పరిశోధకుల అంచనా. రాతి థియేటర్ పూర్తయింది క్రీ.పూ. 330ల ప్రాంతంలో, నగర ఖజానా చూసుకున్న లైకర్గస్ హయాంలో. అప్పుడు సుమారు 15 వేల మందికి పైగా పట్టేది. ఆయనే ఈస్కిలస్, సోఫోక్లీస్, యూరిపిడీస్‌లకు కంచు విగ్రహాలు పెట్టించాడు, వాళ్ల నాటకాల అసలు ప్రతుల్ని ప్రభుత్వ భద్రతలో ఉంచి, నటులు సొంత పైత్యం కలపకుండా కట్టడి చేశాడు. ఆ ముగ్గురూ అప్పటికి పోయి చాలా ఏళ్లు. మహాకవుల కాలానికి చెక్క బెంచీలు, వాళ్లు పోయాక పాలరాతి కుర్చీలు, కంచు బొమ్మలు! నాకైతే ఈ వైరుధ్యం దగ్గరే ఈ చోటు నచ్చడం మొదలైంది.

ఆర్కెస్ట్రా చుట్టూ ఉన్న రాతి కాలువ చూడకుండా కదలకండి. కొండ మీద పడ్డ వాన నీళ్లన్నీ ఈ గిన్నెలోకే వస్తాయి, వాటిని బయటికి పంపడానికి చేసిన ఏర్పాటు అది.

మీరు నిలబడ్డ ఈ నేల మీదే, నాటకాలకు ముందు, నాలుగు పనులు జరిగేవి. మిత్ర నగరాలు ఏథెన్స్‌కి కట్టిన కప్పంలోంచి వెండిని టాలెంట్ల లెక్కన విడదీసి, థియేటర్ నిండాక అందరికీ కనబడేలా మోసుకొచ్చి పెట్టేవాళ్లు. ఒక్కో టాలెంట్ దాదాపు 26 కిలోలు. ఆ కప్పం కట్టిన ఊళ్ల మనుషులు కూడా ప్రేక్షకుల్లో ఉండేవాళ్లని గుర్తుంచుకోండి. తర్వాత యుద్ధాల్లో చనిపోయినవాళ్ల కొడుకులు, ప్రభుత్వ ఖర్చుతో పెరిగి వయసుకొచ్చినవాళ్లు, ప్రభుత్వమిచ్చిన కవచాలు తొడుక్కుని నడిచేవారు. నగరానికి మేలు చేసినవాళ్ల పేర్లు చదివి కిరీటాలు ప్రకటించేవాళ్లు. సేనానులు దేవుడికి ద్రాక్షసారాయి ధారపోసేవాళ్లు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఇసోక్రటీస్ అనే ఏథెన్స్ రచయిత ఈ వెండి ప్రదర్శనని తప్పుపట్టాడు. పక్కవాళ్ల దగ్గర పిండిన డబ్బునీ, తండ్రి లేని పిల్లల్నీ ఒకే వేదిక మీద చూపిస్తే చూసేవాళ్లలో ద్వేషం పుట్టదా అన్నది ఆయన వాదన.

ఇదంతా అయ్యాక విషాద నాటకం మొదలు. ఓడిపోయిన నగరాల కథలు, బందీలైన ఆడవాళ్ల ఏడుపులు. సైన్యబలం చూపించుకున్న ఆ పూటే ఈ కథలూ చూశారు. నా దృష్టిలో ఈ థియేటర్ గురించి తెలుసుకోవాల్సిన అసలు విషయం ఇదే.

ముందు వరస కుర్చీలు

ఇప్పుడు మెట్ల వైపు ముఖం పెట్టండి. మొదటి వరసలో పెంటెలి కొండ పాలరాతితో చెక్కిన వీపున్న కుర్చీలు ఉంటాయి. మొదట 67 ఉండేవి, చాలావరకు నిలిచాయి. వాటిమీద కూర్చోవాలని చూడకండి, తాడు కట్టి ఉంటుంది, కాపలావాళ్లు ఈల వేస్తారు. కుర్చీల ముందు అంచున గ్రీకు అక్షరాలు కనిపిస్తాయి. ఏ పూజారికి, ఏ అధికారికి ఆ కుర్చీయో రాసిన రాతలు అవి. కొన్నిచోట్ల పాత రాత చెరిపి కొత్తది చెక్కారు.

సరిగ్గా మధ్యలో ఉన్న పెద్ద కుర్చీ డయోనిసస్ పూజారిది. దీని దగ్గర కనీసం పది నిమిషాలు ఉండండి. కాళ్లు సింహం పంజాలు. వీపు మీద ద్రాక్ష గుత్తులు మోస్తున్న ఇద్దరు సాటిర్లు, అంటే సగం మనిషి సగం మృగం అయిన డయోనిసస్ అనుచరులు. కూర్చునే చోటికి కింద, ముందువైపు, గద్ద తల సింహాలతో పోరాడుతున్న మనుషులు. చేతులు ఆనించే చోట బయటివైపు వంగి చూస్తే, రెక్కలున్న కుర్రాడు పందెం కోడిని బరిలోకి దింపుతుంటాడు. కోడిపందెం బొమ్మ దగ్గర మన కోస్తా జిల్లాలవాళ్లు ఎలాగూ ఆగిపోతారు. పొద్దుటి ఏటవాలు వెలుగులో ఈ చెక్కడాలు తేటగా కనిపిస్తాయి, మధ్యాహ్నం చదునైపోతాయి.

పూజారి మధ్యలో, చుట్టూ అధికారులు. అయిదువందల మంది ఉన్న నగర మండలికి విడిగా సీట్లు. కొత్తగా యుక్తవయసుకొచ్చిన కుర్రాళ్లకీ వేరే చోటు. వెనక మెట్లన్నీ జనానివి. అడ్డంగా పోయే దారులు, నిలువుగా ఎక్కే మెట్ల దారులు మొత్తాన్ని ముక్కలుగా విడగొడతాయి. నిలువు ముక్కలు 13 లెక్కపెట్టొచ్చు. మామూలు సున్నపురాయి మెట్టుని దగ్గరగా చూడండి, ముందు భాగం కూర్చోవడానికి, వెనక భాగం కాస్త పల్లం. వెనకవాడి పాదాలు ముందువాడి బట్టలకి తగలకుండా చేసిన ఏర్పాటు అది. తెల్లవారింది మొదలు గంటల తరబడి కూర్చోవాలి కదా మరి! ఒక్కో కవి మూడు విషాద నాటకాలూ, చివర ఒక అల్లరి నాటకమూ వరసగా ఆడించేవాడు.

ఆనాడు టికెట్ రెండు ఓబోల్స్, అంటే రెండు చిన్న వెండి నాణేలు. కట్టలేని పౌరులకు ప్రభుత్వమే ఇచ్చే నిధి తర్వాత వచ్చింది. నటులందరూ మగవాళ్లే, ఆడ పాత్రలు కూడా ముసుగులు పెట్టుకుని వాళ్లే వేసేవారు. ఆడవాళ్లు ప్రేక్షకుల్లో ఉన్నారా లేదా అన్నది పండితుల మధ్య ఇంకా తెగని పేచీ.

డబ్బు, తీర్పు, చెంపదెబ్బ

ఖర్చు ఎవరిది? ప్రతి బృందానికీ ఒక ధనికుడిని నగరం నియమించేది. శిక్షణ, బట్టలు, తిండి అన్నీ అతనే చూసుకోవాలి. పన్నులాంటిదే, కానీ పేరొచ్చే పన్ను. క్రీ.పూ. 472లో ఈస్కిలస్ 'పర్షియన్లు' నాటకానికి డబ్బు పెట్టింది తర్వాత ఏథెన్స్‌కి పెద్ద నాయకుడైన పెరిక్లీస్, అప్పటికింకా కుర్రాడు. రాజకీయాల్లోకి రావడానికి ఇంతకన్నా మంచి దారి ఉంటుందా!

తీర్పు విషయంలో ఏథెన్స్ వాళ్లు బాగా జాగ్రత్తపడ్డారు. పది తెగల నుంచి పదిమంది జడ్జిలను చీటీ తీసి ఎంచేవాళ్లు. పదిమందీ ఓటేసినా, కుండలోంచి అయిదు ఓట్లే తీసి లెక్కపెట్టేవాళ్లు. ఎవరి ఓటు చెల్లిందో ముందు తెలియదు, లంచం ఎవరికిచ్చి లాభం? ఇలాంటి తీర్పులోనే క్రీ.పూ. 431లో యూరిపిడీస్ 'మెడియా'తో వచ్చి మూడో స్థానంలో, అంటే ఆఖరున, నిలిచాడు. అంతకు చాలా ముందు ఫ్రినికస్ అనే కవి, పర్షియా చేతిలో అప్పుడే నాశనమైన, ఏథెన్స్‌కి బంధువులాంటి మిలెటస్ నగరం కథని నాటకం వేస్తే జనమంతా వెక్కివెక్కి ఏడ్చారు. ఆయనకి వెయ్యి ద్రాక్మాల (అప్పటి వెండి నాణేలు) జరిమానా పడింది. మన సొంత గాయాన్ని గుర్తుచేశావన్నది నేరం, ఇంకెవరూ ఆ నాటకం ఆడకూడదని ఆంక్ష కూడా.

ఇక ఈ థియేటర్ సభగా ఎలా పనిచేసిందో చెప్పడానికి క్రీ.పూ. 348 నాటి గొడవ చాలు. ఆ ఏడాది డెమోస్తనీస్ అనే పేరుమోసిన వక్త తన తెగ పాటల బృందం ఖర్చు తానే పెట్టుకుంటానని ముందుకొచ్చాడు. అతనికి మీడియాస్ అనే ధనికుడితో పాత పగ. బృందం కోసం చేయించిన బంగారు కిరీటాలను మీడియాస్ కంసాలి కొట్టులో దూరి పాడుచేయబోయాడని డెమోస్తనీస్ ఆరోపణ. అంతటితో ఆగలేదు, నిండు థియేటర్‌లో, అందరూ చూస్తుండగా మీడియాస్ డెమోస్తనీస్ ముఖం మీద కొట్టాడు. డెమోస్తనీస్ తిరిగి కొట్టలేదు. ఉత్సవం అయిన వెంటనే ఇదే థియేటర్‌లో ప్రజాసభ కూర్చోవడం ఆచారం. ఉత్సవం సరిగ్గా జరిగిందా, ఎవరైనా అపచారం చేశారా అని చర్చించే సభ అది. అక్కడ ఫిర్యాదు పెట్టాడు. నిన్నటి ప్రేక్షకులే నేటి పౌరసభ, పైగా కళ్లారా చూసిన సాక్షులు. మీడియాస్‌కి వ్యతిరేకంగా చేతులెత్తారు. ఆ తర్వాత కోర్టులో వాదించడానికి రాసుకున్న ప్రసంగం నేటికీ ఉంది. కానీ డెమోస్తనీస్ డబ్బు తీసుకుని రాజీపడ్డాడని అతని రాజకీయ ప్రత్యర్థి తర్వాత ఎత్తిపొడిచాడు. ఆర్కెస్ట్రా అంచున నిలబడి ఆ దెబ్బ ఎక్కడ పడిందో ఊహించుకోండి. మెట్ల మీద ఏ మూల నుంచైనా కనబడేది.

కాలం గడిచేకొద్దీ మామూలు ప్రజాసభలు కూడా పాత సభాస్థలమైన నిక్స్ గుట్ట నుంచి ఎక్కువగా ఇక్కడికే మారాయి.

పైన గుహ, పక్కన వసారా

మెట్ల పైకి ఎక్కడిదాకా వెళ్లనిస్తారన్నది మరమ్మతుల్ని బట్టి మారుతుంది, తాళ్లు దాటకండి. కింది నుంచే పైకి చూస్తే కొండరాయిలో గుహ, దాని పైన ఒంటరిగా రెండు స్తంభాలు కనబడతాయి. గుహ ముందు థ్రసిల్లస్ అనే పోషకుడు, అంటే బృందం ఖర్చు పెట్టుకున్న ధనికుడు, క్రీ.పూ. 320 ప్రాంతంలో తన గెలుపుకి కట్టుకున్న స్మారకం ఉండేది. గెలిచినవాళ్లకి నగరం ఇచ్చే బహుమానం కంచు ముక్కాలి పీట. దాన్ని ఇంట్లో దాచుకోకుండా అందరికీ కనబడేలా నిలబెట్టడం మర్యాద. ఆ రెండు స్తంభాలు తర్వాతి కాలంలో అలాంటి పీటలు నిలబెట్టడానికి పెట్టినవే. స్మారకం మీదుండే డయోనిసస్ విగ్రహాన్ని ఎల్గిన్ అనే బ్రిటిష్ ప్రభువు పట్టుకుపోయాడు, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మిగిలిన కట్టడం 1827లో టర్కీ సైన్యం అక్రోపోలిస్‌ని ముట్టడించినప్పుడు పోయింది.

రంగస్థలం వైపు వెనక్కి తిరిగితే తక్కువ ఎత్తు వేదిక ముఖాన డయోనిసస్ జీవితం చెక్కిన పలకలుంటాయి. చాలా బొమ్మలకు తలలు లేవు. మోకాళ్ల మీద కూర్చుని వేదికను భుజాన మోస్తున్న డయోనిసస్ అనుచరుడు ముసలి సిలీనస్ మాత్రం ఇంకా కష్టపడుతూనే ఉన్నాడు. అది రోమన్ కాలపు చివరి పొర.

అక్కణ్నుంచి పడమరగా నడిస్తే ఆస్‌క్లిపియస్ అనే వైద్య దేవుడి ఆవరణ, దాని కింద పెర్గమాన్ రాజు యూమెనిస్ కట్టించిన పొడవాటి వసారా. వాన వస్తే, ఎండ పెరిగితే ప్రేక్షకులు దూరడానికి అది పనికొచ్చేది. దాని చివరే మొదట చెప్పిన ఓడియన్. దాన్ని పైనుంచి చూసుకుని పార్థినాన్‌కి ఎక్కండి.

బయటికొచ్చాక

ఓపిక ఉంటే రెండు చోట్లు కలపండి. ప్లాకా పేటలో త్రిపోదోన్ వీధి, అంటే ముక్కాలి పీటల వీధి ఉంది. గెలిచిన పోషకులు ముక్కాలి పీటలు వరసగా నిలబెట్టిన దారి అదే, పేరు కూడా అదే మిగిలింది. దానికి ఆనుకునే క్రీ.పూ. 335-334 నాటి లిసిక్రటీస్ అనే పోషకుడి స్మారకం ఇంకా నిలబడి ఉంది, టికెట్ లేదు. రెండోది అక్రోపోలిస్‌కి పడమరగా ఉన్న నిక్స్ గుట్ట, ప్రజాసభ అసలు కూర్చున్న చోటు. కొన్ని నిర్ణయాలకి ఆరు వేల మంది ఉండాలనే నియమం ఉండేది. కొండని తొలిచి చేసిన మాట్లాడే వేదిక అక్కడే ఉంది, అదీ ఉచితమే. పొద్దున థియేటర్ చూసి సాయంత్రం ఇది చూస్తే రెండింటి పోలిక వాటంతటవే తెలుస్తుంది: వాలు మీద జనం, కింద ఒక్కడు. మధ్యలో దొరికే ఎండ గంటలు ఏసీ ఉన్న అక్రోపోలిస్ మ్యూజియంలో గడపండి. దానికి టికెట్ వేరే. మొదటి గ్యాలరీ అంతా ఈ కొండవాలులో దొరికిన వస్తువులే.

నిండుగా, చెక్కుచెదరని గ్రీకు థియేటర్‌లో కూర్చోవాలన్న కోరిక ఉంటే అది ఇక్కడ తీరదు. ఏథెన్స్ నుంచి రోడ్డు మీద రెండు గంటల దూరంలో ఎపిడారస్ ఉంది. క్రీ.పూ. 4వ శతాబ్దపు కట్టడం, 55 వరసలు. అయితే అది వైద్య క్షేత్రంలోని థియేటర్, మొక్కుల కోసం వచ్చే జనానిది. కప్పం వెండి మోసుకురావడం, అనాథల కవాతు అక్కడ లేవు. ఎండాకాలపు ఉత్సవంలో వారాంతాల్లో పాత నాటకాలు ఆడతారు. ఎక్కువగా గ్రీకులోనే, పక్కన తెర మీద ఇంగ్లీషులో మాటలు వేస్తారు. సాయంత్రం ఆట అర్ధరాత్రికి దగ్గరగా ముగుస్తుంది, కాబట్టి తిరుగు బస్సు ఉందో లేదో టికెట్ కొనేముందే చూసుకోండి. దిండు ఒకటి వెంట తీసుకెళ్లండి, రాయి రాయే.